గంగ వస్తే ఎటు పోతరు

భైంసాలో పరుపుల దుకాణం నడిపే ఖాసిం కూతురు సుల్తాన్ బీ 1996లో ఇంటర్ పాసై, కరీంనగర్‌లో ఖాలా అని పిలిచే పిన్ని ఇంట్లో ఉండి బీకాం చదవాలని వచ్చింది. వచ్చేసరికి ఎక్కడా బీకాం సీటు మిగల్లేదు. చివరికి ఒక సైకిల్ షాపు పైన, రెండో అంతస్తులో నడిచే డిగ్రీ కాలేజీకి వెళ్లింది. ఆ కాలేజీ జలపతిరావుది. ఆయన జగిత్యాల వైపు భూములను పాలివాళ్లకు అప్పజెప్పి, ఊళ్లో దొరతనం పోయిన తర్వాత పట్నంలో చదువుల వ్యాపారంలోకి దిగిన మనిషి.

"బీకాం అయిపోయింది బిడ్డా" అన్నాడు జలపతిరావు. "గీ కొత్త గ్రూపుంది చూడు. బీఏల విపత్తు నిర్వహణ. దేశంల ఇప్పుడిప్పుడే వస్తుంది. రేపు మండలానికొక ఆఫీసరు పోస్టు పడ్తది."

"ఆ ఆఫీసరు ఏం జేస్తడు సార్?"

"ఆపదొస్తె చూస్కుంటడు."

"రాకుంటె?"

జలపతిరావు కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "వచ్చేదాక తయారుగుంటడు" అన్నాడు.

సుల్తాన్ బీ ఆ కోర్సులో చేరింది. ఇంటికి తిరిగిపోతే దుకాణంలో దూది కుక్కడమే పని. దానికంటే ఇది నయం అనుకుంది. ఇదేమిటో మాత్రం తెలియదు.

కూతురికి పరుపు, పెట్టె ఇచ్చిపోదామని ఖాసిం వచ్చినప్పుడు, కాలేజీ మెట్ల దగ్గర కొత్తగా పెట్టిన ఇంగ్లిష్ బోర్డు చూసి అందులో ఏముందో చదవమన్నాడు. "ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్" అని చదివింది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఎమర్జెన్సీనా? ఆ రోజులల్ల జీపు సప్పుడింటె మీ బడే అబ్బ, మా అన్న, దూది బస్తాల ఎనుక దాగేటోడు. పిల్లలు పుట్టకుండ ఆపరేషనుకు గుంజుకపోతరని. ఇప్పుడు దాన్ని కాలేజీల చెప్తుండ్రా?"

"అది వేరే అబ్బా. ఇది వేరే."

"ఏం వేరే?"

"వరదలు, భూకంపాలు, అట్లాంటియి" అంది. ఖాసింకు అది ఇంకా అర్థం కాలేదు. భూకంపం వస్తే అల్లాను తలుచుకోవాలి గాని చదువుకునేదేముంటుంది అన్నట్టు చూశాడు. పరుపు భుజాన వేసుకుని ఖాలా ఇంటి వైపు నడిచాడు.

పాఠం చెప్పేది నిర్మలాదేవి. ఆమె నిజానికి భూగోళం లెక్చరర్. నదులు, నేలలు, వర్షపాతం చెప్పి చెప్పి అలవాటైన మనిషి. వేసవిలో హైదరాబాద్‌లో కొద్ది రోజుల శిక్షణకు పంపించి, తిరిగి వచ్చాక ఈ శాఖ మొత్తాన్ని ఆమె నెత్తిన పెట్టారు. మొదటి రోజే ఆమె దాపరికం లేకుండా చెప్పేసింది.

"మీకంటె ఒక్క పాఠం ముందున్న నేను. అంతే. ఏమన్న అడిగితె మరునాడు చెప్త."

శిక్షణలో ఇచ్చిన పుస్తకం నిండా తుఫాన్లే. తీరప్రాంతంలో ఎత్తైన భవనాలు కట్టాలట, చేపల పడవలకు రేడియోలో కబురు చెప్పాలట. క్లాసులో పట్టుమని పది మంది లేరు, వాళ్లలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకరోజు వేములవాడ నుంచి వచ్చే పిల్ల లేచి, "కరువు గుడ విపత్తేనా మేడం?" అని అడిగింది.

"పుస్తకంల ఉన్నది. విపత్తే."

"మరి దాన్ని నిర్వహించుడేంది మేడం? అదొస్తె ఉపాసముంటం, బొంబాయి పోతం."

నిర్మలాదేవి నవ్వలేదు. "రేపు చెప్త" అంది. మరునాడు వచ్చి, "నాకు తెల్వలే. వెతుకుతున్న" అంది. సుల్తాన్ బీకి ఆమె మీద గౌరవం అప్పుడే కలిగింది, భయమూ అప్పుడే కలిగింది. టీచరుకే దారి తెలియని చదువులో తాను ఎటు పోతోంది?

రెండో సంవత్సరంలో ఊళ్లకు వెళ్లి సర్వే చేయాలని నియమం. ఇద్దరిద్దరు కలిసి ఒక ఊరిని ఎంచుకుని, అక్కడ ఆపద వస్తే జనం ఏం చేస్తారో తెలుసుకుని రావాలి. సుల్తాన్ బీకి జత రాధాబాయి. రాధాబాయిది ముధోల్ దగ్గర భూములున్న దేశ్‌ముఖ్ కుటుంబం. ఇంట్లో సగం మరాఠీ, సగం తెలుగు. ఆమెకు ఈ కోర్సు గురించి ఏ సందేహమూ లేదు. పెళ్లయ్యేదాకా ఏదో ఒక డిగ్రీ ఉండాలి, అంతే.

"బాసర దగ్గర మా మేనమామ ఊరి పక్కన రేగుల్‌గాం అని ఉంది. గంగ ఒడ్డుకే ఉంటది. పోదామా?" అంది రాధాబాయి. గోదావరిని అక్కడ గంగ అనే అంటారు.

ఆగస్టు నెల. సన్నగా ముసురు పట్టింది. ఇద్దరూ బాసరలో బస్సు దిగి, ఆటోలో కొంత, నడిచి కొంత వెళ్లి పగటి పూట రేగుల్‌గాం చేరారు. చిన్న ఊరు. నల్లరేగడి నేలలో పత్తి చేలు, మధ్యలో బడి, ఆ వైపు గంగ. ఊరి నుంచి మిట్ట మీదికి పోవడానికి ఒకటే బండ్ల బాట. ఆ బాట ఒక పల్లంలో దిగి, కాలువ మీద కట్టిన చిన్న మోరీ మీదుగా మళ్లీ ఎక్కుతుంది.

బోరింగు దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లను రాధాబాయి పలకరించింది. పుస్తకంలో ఉన్నట్టే అడిగింది.

"గంగ వస్తే ఎటు పోతరు మీరు?"

ఆడవాళ్లు బోరింగు కొట్టడం ఆపేశారు. "ఎప్పుడొస్తుంది?" అంది ఒకామె.

"వస్తుందని కాదు. వస్తే."

"అదే, ఎప్పుడు?"

సుల్తాన్ బీ ముందుకు వచ్చి మళ్లీ నచ్చజెప్పింది. కాలేజీ నుంచి వచ్చామని, ఊరికే అడుగుతున్నామని, రాసుకుని పోతామని. వాళ్లు తలలూపారు. బిందెలు ఎత్తుకుని గబగబా వెళ్లిపోయారు. వెళ్తూ ఒకరితో ఒకరు ఏదో అనుకోవడం ఆమె చూసింది. సిగ్గుపడుతున్నారేమో అనుకుంది.

తర్వాత అంబదాస్ అనే రైతు కలిశాడు. ముప్పై ఏళ్లుంటాయి. తల్లి బుచ్చవ్వతో కలిసి బడి పక్కనే ఉంటాడు. మునుపు గంగ పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగితే, బడి గోడ దగ్గరికి తీసుకెళ్లి తన ఛాతీ ఎత్తులో చెయ్యి పెట్టి చూపించాడు. సుల్తాన్ బీ అక్కడ చాక్‌పీసుతో అడ్డంగా గీత గీసింది. రాధాబాయి టేపు పట్టుకుంటే ఒడ్డు నుంచి గోడదాకా కొలిచారు. బడి పిల్లలు కిటికీల్లోంచి చూశారు. కొందరు పెద్దవాళ్లు కూడా దూరంగా నిలబడి చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు.

పని తొందరగానే అయిపోయింది. ఇద్దరూ మిట్ట మీద రోడ్డుకు వెళ్లి, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. బస్సుకు ఇంకా సమయముంది. రాధాబాయి బ్యాగులోంచి రొట్టె, పచ్చడి తీసింది. సగం తిన్నారో లేదో, బండ్ల బాట మీద జనం కనిపించారు.

మొదట మేకలు వచ్చాయి. వాటి వెనక ముసలాయన, నెత్తిన మంచం. ఆ వెనక మూటలు, సంకలో పిల్లలు, కోళ్ల గంపలు. సుల్తాన్ బీ లేచి నిలబడింది. అంగడి రోజేమో అనుకుంది ఒక్క క్షణం. అంగడికి మంచాలెందుకు?

"ఏమైంది తాతా?" అని ఎదురెళ్లి అడిగింది.

"గంగ వస్తుందట. కరీంనగర్ కెల్లి ఆఫీసర్లు వచ్చి గీత గీసిపోయిండ్రు. బడిల ఛాతీ మందం వస్తదట."

ఆమెకు మొదట ఆ ఆఫీసర్లు ఎవరో తెలియలేదు. తెలిశాక ముసలాయనకు అడ్డం నిలబడింది. "తాతా, అట్ల కాదు. మేమే గీసినం. అది ఎనుకట వచ్చిన నీళ్ల గుర్తు."

"అవును, మీరే" అన్నాడు ముసలాయన ఆమె ముఖం పరీక్షగా చూసి. వెనక్కి తిరిగి, "గీ బిడ్డలే వాళ్లు" అని వచ్చేవాళ్లకు చూపించాడు. జనం మరింత వేగంగా నడిచారు. ఆఫీసర్లే మిట్ట ఎక్కి కూర్చున్నారంటే సంగతి నిజమన్నట్టే కదా.

సుల్తాన్ బీ బాట మధ్యకు వెళ్లి చేతులు చాచింది. "గంగ రాదు. ఇండ్లకు పోండ్రి" అంది.

రాధాబాయి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "రాదని నీకెట్ల ఎరుక?" అంది మెల్లగా. "పైన నాందేడ్ దిక్కు మూడొద్దుల కెల్లి వాన పడుతుందని మామ చెప్పిండు. నిజంగనే వస్తే?"

సుల్తాన్ బీ చేతులు దించేసింది. వస్తుందని అనడానికి లేదు, రాదని అనడానికీ లేదు. రెండింటిలో ఏది చెప్పినా తనకు తెలియనిదే చెబుతున్నట్టు. ఏడాది నుంచి ఈ చదువే చదువుతోంది. పుస్తకంలో హెచ్చరిక ఎలా ఇవ్వాలో ఉంది. ఇవ్వని హెచ్చరికను వెనక్కి ఎలా తీసుకోవాలో ఎక్కడా లేదు. ముసురులో తడుస్తూ బాట పక్కన అలాగే నిలబడింది. జనం ఆమెను దాటుకుని పోతూనే ఉన్నారు. ఒకామె పోతూ పోతూ ఆమె తల నిమిరి, "సల్లగుండు బిడ్డా" అని దీవించింది. ఆ దీవెన సుల్తాన్ బీ తట్టుకోలేకపోయింది.

అప్పుడే పల్లంలోంచి కేక వినిపించింది. మోరీ మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. వెనకవాళ్లు తొందర పెడుతుంటే అంబదాస్ తన బండిని అంచు మీదుగా తోలాడు. చక్రం బురదలో దిగి బండి పక్కకు ఒరిగింది. జొన్న బస్తాల మీద కూర్చున్న బుచ్చవ్వ కింద పడింది. ఆమె మీద బస్తా పడింది.

ఇద్దరు అమ్మాయిలూ పరుగెత్తారు. బుచ్చవ్వ అరవడం లేదు, పెదవి కరుచుకుని ఉంది. కుడికాలు మోకాలి కింద వంకరగా ఉంది. సుల్తాన్ బీకి ఆ క్షణంలో ఒకటి మాత్రం గుర్తుకొచ్చింది. విరిగిన కాలును కదిలించకూడదు, కర్రలు పెట్టి కట్టాలి. తన దుపట్టా తీసింది. బండి కర్రలు రెండు అడిగి, ఎలాగో కట్టింది. కట్టు సరిగ్గా కుదిరిందో లేదో తెలియలేదు. పత్తి గింజల లోడుతో భైంసా పోతున్న లారీని ఆపి, బుచ్చవ్వను మంచం మీదనే పైకి ఎక్కించారు.

గంగ ఆ రోజు రాలేదు. మరునాడూ రాలేదు. ముసురు కూడా ఆగిపోయింది.

భైంసా సర్కారు దవాఖాన వసారాలో సుల్తాన్ బీ, రాధాబాయి బుచ్చవ్వ మంచం పక్కన కూర్చుని ఉండగా ఖాసిం వచ్చాడు. దుకాణం నుంచి మెత్తటి దిండు తెచ్చి బుచ్చవ్వ కాలి కింద పెట్టాడు. ఆ వెనకే ఎస్సై వచ్చాడు. అవి ఊళ్లలో నక్సలైటు అన్నలు తిరుగుతున్న రోజులు. ఊరి బాటలు కొలిచి గీతలు గీసేవాళ్లంటే పోలీసులకు వేరే అర్థం తోచేది.

"ఎవరు పంపిండ్రు మిమ్ముల?"

"కాలేజీ పంపింది సార్."

"ఏ కాలేజీ ఊరు ఖాళీ చేయిస్తది?"

"మేం ఖాళీ చేయియ్యలే సార్. ఎటు పోతరని అడిగినం. వాళ్లు పోయిండ్రు."

ఎస్సై ఆమె వైపు, రాధాబాయి వైపు, ఖాసిం వైపు చూశాడు. రాధాబాయి పలుకుబడి ఉన్న తన మేనమామ పేరు చెప్పాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మరునాడు పొద్దున నిర్మలాదేవి కరీంనగర్ నుంచి బస్సులో వచ్చి నేరుగా స్టేషనుకు వెళ్లింది. "పంపింది నేను. ఏమడగాలెనో చెప్పిన గని, ఎట్లడగాలెనో చెప్పలే. తప్పుంటె నాది" అంది. ఎస్సై ఆమెతో ఏదో రాయించుకుని పంపించేశాడు.

దవాఖానలో బుచ్చవ్వ మంచం పక్కన కూర్చుని నిర్మలాదేవి ఏడ్చింది. టీచరు ఏడవడం అమ్మాయిలిద్దరూ మొదటిసారి చూశారు. బుచ్చవ్వ కంగారుపడి, "ఈమెకేమైంది?" అని కొడుకును అడిగింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. ముధోల్ నుంచి వార్తలు పంపే విలేకరి ఒకాయన సంగతి సగం విని రాశాడు. విద్యార్థినుల చొరవతో గంటలోనే ఊరు ఖాళీ అయిందని, విపత్తు నిర్వహణ చదువు ఫలితమిదని వార్త. జలపతిరావు ఆ కాగితం ముక్కకు అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

నిర్మలాదేవి ఆయన గదికి వెళ్లింది. సుల్తాన్ బీని కూడా వెంట తీసుకెళ్లింది. "సార్, అది తప్పుడు వార్త. వరద లేదు, హెచ్చరిక లేదు. పైగా ఒకామె కాలు ఇరిగింది."

"ఊరు ఖాళీ అయిందా, లేదా?"

"అయింది గని..."

"మరి తప్పేముందమ్మా? బొంబాయిల, ఢిల్లీల ఇంత పెద్ద చదువులు చదివినోళ్లు ఊరు ఖాళీ చేయించలేకపోతుండ్రు." ఆయన మోసం చేస్తున్నట్టు మాట్లాడలేదు. నిజంగానే గర్వపడుతున్నాడు. సుల్తాన్ బీ వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా, నీకు గర్వం లేదా?" అన్నాడు.

సుల్తాన్ బీ తలదించుకుని బయటికి వచ్చేసింది.

మరుసటి ఏడు ఆ గ్రూపుకు రెండు సెక్షన్లు పెట్టాల్సి వచ్చింది. జగిత్యాలలో ఒక కాలేజీ, నిర్మల్‌లో ఇంకొక కాలేజీ అదే కోర్సు మొదలుపెట్టాయి. చెప్పేవాళ్లు దొరకడం కష్టమైంది. ఎక్కడ చూసినా నిర్మలాదేవి లాంటి భూగోళం వాళ్లే, లేకపోతే రాజనీతి వాళ్లే. అందుకని సుల్తాన్ బీ డిగ్రీ పూర్తి చేసీ చేయకముందే నిర్మల్ కాలేజీ వాళ్లు కబురు పంపారు. రేగుల్‌గాం పేరు అక్కడిదాకా పోయింది. రాధాబాయికి పెళ్లై పర్భణీ వెళ్లిపోయింది. ఖాసిం మాత్రం కూతురు లెక్చరరైందని దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు. ఏ సబ్జెక్టని అడిగితే "ఆపదల గురించి" అనేవాడు, ఇంకేమీ చెప్పకుండా దూది ఏకడంలో పడేవాడు.

నిర్మల్‌లో సుల్తాన్ బీ పాఠాలు బాగానే చెప్పేది. ఎవరైనా రేగుల్‌గాం సంగతి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పేది, వరద రాలేదని కూడా. పిల్లలు అది ఆమె వినయం అనుకునేవారు.

2000 వానాకాలంలో రేగుల్‌గాంకు నిజంగానే గంగ వచ్చింది. తెల్లవారుజామున పాలు పిండే వేళకు చేలలోకి నీళ్లు ఎక్కాయట. భైంసా నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెబితే సుల్తాన్ బీకి తెలిసింది. కాలేజీలో చెప్పి, నీళ్లు తీసిన మరునాడు బయలుదేరింది. మిట్ట మీద దిగేసరికి టీ కొట్టు చుట్టూ టార్పాలిన్లు కట్టుకుని జనం ఉన్నారు. మనుషులెవరూ పోలేదు. మేకలు పోయాయి, నాలుగైదు ఇళ్ల గోడలు కూలాయి.

అంబదాస్ ఆమెను గుర్తుపట్టి, నమస్తే పెట్టాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు చెప్పిండ్రు అంబదాస్, ఈసారి?"

"ఎవలు చెప్పలే మేడం. నీళ్లు కనవడ్డయి. అవ్వను ఈపు మీద ఏసుకుని చేను గట్ల మీదికెల్లి వచ్చిన. మోరీ తోవ పట్టలే. ఒకసారి పడ్డం గద."

"మిగిలినోళ్లు?"

"సగం మంది నా ఎనుక వచ్చిండ్రు. సగం మంది రాలే. అప్పుడు గిట్లనే ఉరికిచ్చిండ్రు, ఏం రాలే అన్నరు. పెంకుల మీద ఎక్కి కూసున్నరు పొద్దుగూకేదాక. పడవ వచ్చి తెచ్చింది." ఆయన ఊరి వైపు చెయ్యి చూపించాడు. "మా తమ్ముడు గుడ గట్లనే అన్నడు. పిల్లలు పెంకుల మీద వణుకుతుంటె నాకు ఇటు కెల్లి కనవడుతుండె."

గట్ల మీద నడిచి వచ్చినవాళ్లు బండి ఒరిగిన ఆ రోజు వల్లే వచ్చారు. పెంకుల మీద వణికినవాళ్లూ ఆ రోజు వల్లే వణికారు. ఏది ఎంత అని ఆమె తేల్చుకోలేకపోయింది. ఎవరైనా కోపంగా తిడితే బాగుండునని అనిపించింది. ఎవరూ తిట్టలేదు. ఒకాయన కూర్చోవడానికి గోనె పరిచాడు.

బుచ్చవ్వ టార్పాలిన్ కింద, కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలు ఎప్పటికీ సరిగ్గా అతకలేదు, కాస్త వంకరగానే ఉంది. ఆమె ముందు తడిసిన జొన్నలు కుప్పగా పోసి ఉన్నాయి. మురిగిన వాసన అప్పుడే మొదలైంది.

"బాగున్నవా బిడ్డా? నౌకరి చేస్తున్నవట గద, అంబదాస్ చెప్పిండు."

"చేస్తున్న అవ్వా."

"ఏం నౌకరి?"

"ఇదే అవ్వా. వరదలొస్తే ఏం చెయ్యాలెనో పిల్లలకు చెప్త."

బుచ్చవ్వ జొన్నలు కలపడం ఆపింది. వెక్కిరింత లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "అయితే మల్ల వచ్చేటప్పుడు మేం ఎవల మాట ఇనాలె? ఎవలన్న వచ్చి చెప్తే ఉరకాలెనా, ఉండాలెనా?"

సుల్తాన్ బీ దగ్గర పుస్తకంలోని జవాబులు చాలా ఉన్నాయి. దండోరా, రేడియో, మండలాఫీసు.

"నాకు గుడ తెల్వది అవ్వా" అంది. "నేను తెలుసుకుంట. తెలిస్తే వచ్చి చెప్త."

"చెప్పు మరి" అంది బుచ్చవ్వ.

మబ్బు కొంచెం విచ్చి ఎండ పొడ వచ్చింది. అంబదాస్ ఖాళీ టార్పాలిన్ ఒకటి రోడ్డు పక్కన పరిచాడు. సుల్తాన్ బీ దుపట్టా నడుముకు చుట్టుకుని, జొన్నలు గంపలోకి ఎత్తి మోసుకెళ్లి దాని మీద పోసింది. అరచేతులతో పలుచగా పరుస్తుంటే బుచ్చవ్వ కూర్చున్న చోటి నుంచే, ఇంకా పలుచగా, ఇంకా, అని చెబుతోంది. నిర్మల్ బస్సు వచ్చి హారన్ కొట్టింది. సుల్తాన్ బీ తలెత్తి, పొమ్మని చెయ్యి ఊపింది.